కొర్రమీనుల హౌజు

“మిగిలిన పిల్లల్ని మోరీల పారబొయ్. ఇల్లంత నీచు కంపు గొడ్తది” అన్నాడు మా ఆయన ప్రకాశం, చెమటకు తడిసిన చొక్కా విప్పి దండెం మీద వేస్తూ.

పిల్లలంటే కొర్రమీను పిల్లలు. ఆ రోజు మృగశిర కార్తె. మా అత్తమ్మ నీలమ్మకు దమ్ము జబ్బు. ఏటా ఆ రోజున ఆమెను రిక్షాలో దూద్‌బౌలికి తీసుకుపోయి, జనంలో గంటలకొద్దీ నిలబడి, బతికున్న చేపపిల్లతో మందు మింగించుకుని రావడం మా ఇంటి రివాజు. స్కైలాబ్ ఊడి నెత్తిన పడుతుందని ఊళ్ళో అందరూ భయపడుతున్న ఏడాది అది. అంతకు ముందేడు అత్తమ్మ మొదటి చేపను కక్కేసిందని ఈసారి మా ఆయన ఎక్కువే కొన్నాడు. ఆమె మొదటిదాన్నే గుటుక్కున మింగేసింది. మిగిలినవి ఇత్తడి చెంబులో, నల్లగా, చిటికెన వేలంత కూడా లేకుండా, ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటున్నాయి.

చెంబు తీసుకుని మోరీ దాకా పోయాను. వంచాను కూడా. చెయ్యి రాలేదు. జాలి అని అనలేను. పుట్టింట్లో ఎన్ని చేపలు బూడిదలో రుద్ది, తలకాయలు కోసి ఉంటానో లెక్కలేదు. కోసి వండితే అది పని. బతికున్నదాన్ని ఊరికే మురికిలో పొయ్యడం ఏం పని? వెనక్కి తిరిగి వాకిట్లో పాత నీళ్ళ హౌజు దగ్గరికి వచ్చి, చెంబు దాంట్లో వంపేశాను.

లాల్‌దర్వాజాలో మేమున్న ఇల్లు షఫీఉద్దీన్ సాబ్‌ది. ముందు భాగంలో వాళ్ళ గోదాము, వెనక మేము కిరాయికి. వాకిలి నడుమ హౌజు, అంటే నడుంలోతు రాతి తొట్టి. ఒకప్పుడు దాంట్లో ఫౌంటెన్ ఆడేదట. మేం దిగేనాటికి గట్లు పగిలి, అడుగున వాన నీళ్ళు, ఆ నీళ్ళల్లో మా ఆయన బస్సు డిపో నుంచి తెచ్చి పడేసిన పాత టైరు. ఆయన డిపోలో మెకానిక్. ఇల్లంతా ఆయనవే సామాన్లు, ఆయన అమ్మవే మాత్రలు, పిల్లలిద్దరి పుస్తకాలు. హౌజు మాత్రం ఎవరికీ పనికి రానిది గనక అటువైపు ఎవరూ చూసేవారు కాదు. నాకు అదే కలిసివచ్చింది.

అప్పటికి నాకు పెళ్ళై పదేళ్ళు. పొద్దున నల్లా వచ్చే వేళకు లేచి బిందెలు నింపడంతో మొదలైతే, పొయ్యి, డబ్బా సద్దడం, పిల్లల జడలు, అత్తమ్మకు వేణ్ణీళ్ళు, బట్టలు, బియ్యంలో రాళ్ళు, మళ్ళీ పొయ్యి. ఇంత చేసినా సాయంత్రం మా ఆయన వచ్చి మంచం మీద కాళ్ళు చాపుకుని, “నీకేం, ఇంట్ల నీడపట్టున ఉంటవ్. ఆ డిపోల ఇనుము కింద పండి సూడు, తెలుస్తది” అనేవాడు. నిజమే గాబోలు అనుకునేదాన్ని. ఆయన చేసేది పని కాబట్టి ఆయన అలసిపోతాడు. నేను చేసేది పని కాదు కాబట్టి నా నడుం నొప్పికి పేరు లేదు. ఒకసారి జ్వరంతో పడుకుంటే అత్తమ్మ గుమ్మంలో నిలబడి, “మా కాలంల జ్వరమొచ్చినా పొయ్యి ఆరనియ్యలే” అంది. లేచి పొయ్యి ముట్టించాను. కోపం రాలేదు. అదే నాకిప్పుడు ఆశ్చర్యం. అంతకాలం నాకు కోపం రాలేదు.

చేపలు చస్తాయనుకున్నాను, చావలేదు. కొర్రమీను గట్టి జీవం. ఉండుండి పైకి వచ్చి నోరు తెరిచి గాలి గుటక వేసి మళ్ళీ మునుగుతుంది. మొదట్లో బొద్దింకలు, వానపాములు వేసేదాన్ని. తర్వాత గల్లీ చివర నసీరుద్దీన్ కోళ్ళ దుకాణంలో పారేసే పేగులు అడిగి తెచ్చి సన్నగా తరిగి వేసేదాన్ని. కొన్నాళ్ళకు చూస్తే చిన్నవి కనపడడం లేదు. పెద్దవి మింగేస్తున్నాయని అర్థమయ్యాక మిగిలిన చిన్నవాటిని జల్లెడతో పట్టి అంచు పగిలిన మట్టి గోలెంలో వేరేగా పెట్టాను. అవి సమానంగా ఎదిగాక మళ్ళీ కలిపాను. ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. చూస్తూ ఉంటే తెలిసేది. పనంతా అయ్యాక ఆ గట్టు మీద కూర్చుంటే నన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. నీళ్ళల్లోకి చూస్తూ ఉండేదాన్ని. బుర్రలో పప్పు, ఉప్పు, బొగ్గులు ఏవీ ఉండేవి కావు. నా పేరు రాజమణి అని ఆ కాసేపు గుర్తుండేది.

“ఏమే, పొయ్యి మీద పప్పు మాడుతున్నది. ఆ గుంత కాడ ఏం పని నీకు?” అని అత్తమ్మ లోపలి నుంచి కేక వేసేది.

“ఇంట్ల కూసొని తినేదానికి ఏం రంధి? చేపలతోని ముచ్చట్లు వెడ్తున్నది” అని మా ఆయన నవ్వేవాడు.

హౌజు నీళ్ళు పచ్చగా, చిక్కగా మారాయి. ఆ నీళ్ళు కాస్త తోడి, గోడవారగా ఉన్న తోటకూర మడికి పోశాను. వారం తిరిగేసరికి ఆకు అరచెయ్యంత అయింది. మంచినీళ్ళు పోసిన పక్క మడి అలాగే గిడసబారి ఉంది. పక్కింటి మహబూబ్ బీ గోడ మీంచి తొంగిచూసింది. ఆమె భర్త పోయాక ఇంట్లోనే లక్క గాజులకు రాళ్ళు అతికి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచుకొస్తున్న మనిషి. నేను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేదాన్ని.

“అరే రాజమణీ, ఏం జేస్తున్నవ్? ఆ పానీ గందగీ ఉన్నది గదా?”

“గందగీ కాదు ఆపా, బలం. సూడు ఆకు ఎట్లున్నదో.”

ఆమె ఒక ఆకు తుంచి వాసన చూసి, “వాహ్!” అంది. నా జీవితంలో నేను చేసినదాన్ని చూసి ఒకరు ఆ మాట అనడం అదే మొదలు. ఆ మధ్యాహ్నం పని చేస్తూ చేస్తూ ఆగి నాలో నేనే నవ్వుకున్నాను.

అత్తమ్మ మాత్రం, “చేపల ఉచ్చతోని పెంచిన కూర నేను ముట్ట” అని కంచం పక్కకు నెట్టేసింది. ఆమెకు వేరేగా బజారు కూర వండాల్సి వచ్చింది. అంటే నాకు ఇంకో పొయ్యి పని.

ఆ ఏడు వానలు పడలేదు. ఎండాకాలం వచ్చేసరికి నల్లా దినం విడిచి దినం అయింది, అదీ దారంలా. గల్లీలో బిందెల కోసం లొల్లి. మా ఆయన ఒకరోజు స్నానానికి నీళ్ళు తక్కువయ్యాయని బకెట్ తన్ని, “మనుషులకు తాగనీకే లేవు, చేపలకు నీళ్ళెక్కడివి? బంద్ చెయ్యి ఆ తమాషా” అన్నాడు. నల్లా దగ్గర నిలబడేది నేను, మోసేది నేను. ఆ నీళ్ళల్లో నా పాలు నేను తాగకుండా చేపలకు పోసినా లెక్క ఆయనకు చెప్పాలి. అప్పుడు మొదటిసారి నాకు కోపం వచ్చింది. ఆయన తన్నిన బకెట్ ఎత్తి పక్కన పెట్టాను.

కానీ చేపలు మురికి చేసిన నీళ్ళు మార్చకపోతే అవి ఉండవు. మారుద్దామంటే కొత్త నీళ్ళు లేవు. ఆ ఫికర్‌లోనే గట్టు మీద కూర్చుని ఉండగా ఒకటి చూశాను. అడుగు చిల్లి పడిన పాత ఇనుప తట్ట, గమేలా ఒకటి గట్టు మీద ఉంది. దాంట్లో గులకరాళ్ళు పోసి ఎప్పుడో ఒక పుదీన కాడ గుచ్చాను. హౌజులోంచి చెంబెడు నీళ్ళు దాంట్లో పోస్తే, రాళ్ళల్లోంచి దిగి, చిల్లిలోంచి చుక్కచుక్కగా మళ్ళీ హౌజులోకే పడుతున్నాయి. పడుతున్న చోట నీళ్ళు తేటగా ఉన్నాయి. చేపలన్నీ ఆ చుక్కల కిందికే చేరాయి. పుదీన నవనవలాడుతోంది. అవే నీళ్ళు. మొక్క తాగినంత తాగి, మురికి పట్టుకుని, మిగిలినవి చేపలకు తిరిగి ఇస్తోంది. కొత్త నీళ్ళు అడగని తోట!

పాత ఇనుప సామాన్ల మల్లన్న దగ్గర నిలువునా కోసిన డ్రమ్ము ముక్క ఉంది. మా అమ్మ ఇచ్చిన కంచు గిన్నె ఇచ్చి అది తెచ్చుకున్నాను. అడుగున చిల్లి కొట్టించి హౌజు గట్టు మీద ఇటుకలు పేర్చి నిలబెట్టాను. పక్క గల్లీలో కూలగొట్టిన పాత గోడ రాళ్ళు తట్టలతో మోసి దాని నిండా పోశాను. టమాట నారు, పాలకూర, పుదీన పెట్టాను. పొద్దున కొన్ని బొక్కెనలు, సాయంత్రం కొన్ని బొక్కెనలు తోడి పోశాను. భుజాలు పడిపోయాయి, అయినా హాయిగా ఉంది.

మూడో నాడు పొద్దున లేచి చూస్తే చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి.

అన్నీ కాదు, చాలావరకు. తెల్లని పొట్టలు పైకి. మా ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి చూసి పకపకా నవ్వాడు. “సంపినవ్ గద! చెప్తే ఇంటవా? ఆడదానికి దిమాగ్ ఎక్కువైతే గిట్లనే ఉంటది.” అత్తమ్మ, “పోనియ్, పీడ పోయింది” అంది. వాళ్ళకు టీ కాచి ఇచ్చి, డబ్బా సద్ది, వాళ్ళు చూడకుండా వంటింట్లో తలుపు వెనక నిలబడి ఏడ్చాను. చచ్చిన చేపల కోసం ఏడుస్తున్నానో, ఆ నవ్వు విని ఏడుస్తున్నానో తెలియలేదు. ఒక్కసారి ఒకటి సొంతంగా చేద్దామనుకుంటే అది కూడా వాళ్ళ మాటే నిజం చేసింది గదా అని ఏడ్చాను.

మధ్యాహ్నం రాళ్ళన్నీ తీసి పారేద్దామని డ్రమ్ములో చెయ్యి పెట్టాను. కాసేపటికి వేళ్ళు గరుకెక్కి మంట మొదలైంది. దసరాకు ఇల్లు సున్నం వేసినప్పుడు కూడా వేళ్ళు ఇలాగే అవుతాయి. రాయి ఒకటి తీసి గోటితో గీకితే తెల్లగా రాలింది. అంతే! పాత గోడ గనక రాళ్ళనిండా సున్నం. నీళ్ళల్లో కరిగి చేపల ఒళ్ళు కాల్చేసింది. నా దిమాగ్ ఎక్కువై కాదు, రాయి చెడ్డదై పోయాయి. కళ్ళు తుడుచుకుని గోడ దగ్గరికి పోయి, “ఆపా, పురానాపూల్ దాకా వస్తవా?” అన్నాను.

ఇద్దరం, బుర్కా వేసుకుని ఒకరం, కొంగు కప్పుకుని ఒకరం, గోనె సంచులు చంకన పెట్టుకుని వంతెన కింద ఎండిపోయిన మూసీలో నున్నని గులకరాళ్ళు ఏరాం. అటుగా పోయేవాళ్ళు ఆగి చూశారు. ఒకాయన, “ఏం పోగొట్టుకున్నరమ్మా?” అని అడిగాడు. మహబూబ్ ఆపా తలెత్తకుండానే, “పోయిందేం లేదు భాయ్, దొరుకుతున్నది” అంది. నడుం పట్టేసే దాకా నవ్వాం. రిక్షాలో సంచులు వేసుకుని వచ్చి, రాళ్ళను వేణ్ణీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగి ఎండబెట్టి డ్రమ్ములో పోసి నారు మళ్ళీ పెట్టాను. హౌజు అడుగు కడిగి, ఇల్లు కడిగిన, బట్టలు జాడించిన నీళ్ళు రానియ్యకుండా నల్లా వచ్చిన నాడల్లా నా పాలు నీళ్ళే కొన్ని కొన్ని పట్టి, చావకుండా మిగిలిన నాలుగైదు చేపల్ని మళ్ళీ వదిలాను.

ఈసారి బతికాయి. మే నెల ఎండకు గల్లీలో అందరి గుమ్మాల ముందు బీరపాదులు, మల్లెతీగలు మాడి కట్టెలైతే, మా వాకిట్లో టమాటలు గుత్తులుగా వేలాడాయి. వారానికి రెండు బొక్కెనలు కలిపితే చాలు, మిగతా నీళ్ళన్నీ తిరిగినవే తిరుగుతున్నాయి. గల్లీ ఆడవాళ్ళు ఏదో వంకన వచ్చి చూసి పోయేవారు. రావడం మొదలయ్యాక వాళ్ళకూ అక్కడ కాసేపు కూర్చోవడం అలవాటైంది. ఒకరోజు నేను నల్లా నుంచి వచ్చేసరికి అత్తమ్మ గట్టు దగ్గర నిలబడి పుదీన ఆకు తెంపి నములుతోంది. నన్ను చూసి తడబడి, “దగ్గు లేస్తున్నదే. బజార్ల అన్ని ఎండుటాకులే అమ్ముతున్రు, ఏం జెయ్యాలె?” అంది. ఆ రోజు నుంచి ఆమెకు వేరే కూర వండడం మానేశాను. ఆమె అడగలేదు.

మొదటి వాన పడ్డాక హౌజులో ఒక వింత జరిగింది. నీళ్ళ మీద ఒక మూల ఎర్రగా, కుంకుమ చల్లినట్టు గుంపు ఒకటి కదులుతోంది. వంగి చూస్తే లెక్కలేనన్ని పిల్లలు, వెంట్రుకంత సన్నంగా ఉన్నాయి. గుంపంతా ఒక్కసారి పైకి లేస్తుంది, ఒక్కసారి మునుగుతుంది. వాటి కిందే పెద్ద చేపలు రెండూ, ఆడదీ మగదీ, కాపలా తిరుగుతున్నాయి. మిగతావాటిని దగ్గరికి రానివ్వడం లేదు. నేను చెయ్యి ముంచితే మగచేప వచ్చి వేలు పొడిచి పోయింది. నొప్పి పుట్టినా ముచ్చటేసింది.

ఈలోగా మా ఆయన డిపోలో ఏం చెప్పాడో ఏమో, వాళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూడడం మొదలుపెట్టారు. నేను వంటింట్లో టీ కాస్తుంటే ఆయన గొంతు వినపడేది. “మస్తు ఆలోచన జేసి వెట్టిన అన్నా. నీళ్ళు పైకెళ్ళి పోస్తే కిందికి ఫిల్టర్ అయితయి. ఇంజన్ల ఆయిల్ తిరిగినట్టు.” నేను టీ గ్లాసులు ఇచ్చి లోపలికి వచ్చేదాన్ని. మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు. ఆయన ఒక్క బొక్కెన తోడలేదు. ఆ గులకరాళ్ళల్లో ఒక్కటి మోయలేదు. చేపలు చచ్చినప్పుడు అవి నావి. టమాటలు కాసేసరికి ఆయనవయ్యాయి. పదేళ్ళుగా ఇంట్లో మాడిన కూర నాది, రుచైన కూర వాళ్ళ అమ్మ నేర్పింది. అది నాకు అలవాటే. కానీ హౌజు దగ్గర మాత్రం ఎందుకో ఆ అలవాటు పనిచెయ్యలేదు. 

బోనాలకు ముందు వారం ఒక పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు. “ఐతారం పురుషోత్తం సార్ భోజనానికి వస్తున్నడు. నాకు రావాల్సిన చార్జ్‌మాన్ పోస్టు ఆయన చేతుల ఉన్నది. ఆ పెద్ద కొర్రమీన్లు రెండు కొయ్యి.”

“అవి పిల్లల మీదున్నయి” అన్నాను.

“అయితే?”

“అవి లేకుంటే పిల్లలు బతకవు. మిగిలినవి తినేస్తయి. బేగంబజార్ కెళ్ళి వేరే చేప తే, మంచిగ వండుత.”

“బజార్ చేప ఎవనికి గావాలె? నా హౌజుల చేప పెడ్తనని చెప్పిన” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నా హౌజు అన్నాడు. ఆ రోజంతా ఆ రెండు ముక్కలే చెవుల్లో మోగాయి. బట్టలు పిండుతూ, బియ్యం ఏరుతూ, నాలో నేనే ఆయనతో వాదించాను. రకరకాలుగా చెప్పి చూశాను. మెత్తగా, ఏడుస్తూ, దండం పెడుతూ. దేనికీ ఆయన ఒప్పుకోవడం లేదు. చివరికి నాకే విసుగొచ్చింది. ఇన్ని రకాలుగా బతిమాలాల్సిన పని ఏముంది? నేను కొయ్యను. అంతే గదా చెప్పాల్సింది.

ఆదివారం పురుషోత్తం సారూ, ఇంకో ఇద్దరూ వచ్చారు. నేను టమాట పప్పు, పాలకూర వేపుడు, పుదీన పచ్చడి, గుడ్ల పులుసు చేసి పెట్టాను. చేప లేదు. మా ఆయన వంటింట్లోకి తొంగిచూసి, గిన్నెల మూతలు తీసి చూసి, పళ్ళు కొరికాడు. సార్ల ముందు నవ్వుతూ, “తాజాగ మీ ముందే పట్టి చూపిస్త సార్” అని లుంగీ ఎగగట్టి, గంప తీసుకుని హౌజు వైపు నడిచాడు.

నేను గరిటె పొయ్యి దగ్గర పెట్టి బయటికి వచ్చాను. ఎలా వచ్చానో గుర్తులేదు. ఆయన కన్నా ముందు గట్టు దాటి హౌజులోకి దిగాను. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. చీర కుచ్చెళ్ళు తేలి చుట్టూ విచ్చుకున్నాయి. ఎర్రని గుంపు నా వెనక మూలలో ఉంది. మా ఆయన గంప పట్టుకుని గట్టు మీదే ఆగిపోయాడు.

“పక్కకు జరుగు” అన్నాడు, పెదాలు కదలకుండా.

“జరుగను.”

“సార్లు చూస్తున్రు.”

“చూడనియ్. నేను పెంచిన చేపలివి. నేను పట్టనియ్య.” పురుషోత్తం సారు వైపు తిరిగాను. “సార్, ఈ హౌజు, ఈ తోట ఆయన వెట్టింది కాదు. నేను వెట్టిన. మూసీల కెళ్ళి రాళ్ళు నేను ఏరుకొచ్చిన. పిల్లల మీదున్న చేపను ఇయ్యాల మీకు పెట్టలేను. పిల్లలు పెద్దగైనంక రండ్రి, నా చేతులతోని వండి పెడ్త. ఇయ్యాల టమాట పప్పు తినుండ్రి.”

గోడ మీద మహబూబ్ ఆపా తల కనిపించింది. పురుషోత్తం సారు హౌజు గట్టు దాకా వచ్చి, డ్రమ్ములోని టమాటల్ని, కింద పడుతున్న నీళ్ళ ధారను, నీళ్ళల్లో నిలబడ్డ నన్ను చూశాడు. “ఇన్ని దినాలు మాకెందుకు చెప్పలేదు ప్రకాశం, మా చెల్లె గింత పని జేసిందని? ఆకలైతుంది, పప్పు తిందాం పా” అన్నాడు.

వాళ్ళు తృప్తిగా తిన్నారు. పచ్చడి రెండుసార్లు అడిగారు. నేను తడి చీరతోనే వడ్డించాను.

వాళ్ళు గల్లీ మలుపు తిరిగాక మా ఆయన వెనక్కి వచ్చాడు. “నా ఇజ్జత్ తీసినవ్” అన్నాడు.

“నీ ఇజ్జత్ నేనెందుకు తీస్త? నాది నేను తీసుకున్న.”

ఆయన చెయ్యి లేచింది. నేను వెనక్కి జరగలేదు. ఆ చెయ్యి నా మీద పడలేదు. దాని బదులు కాలు లేచి డ్రమ్ము మీద పడింది. ఇటుకలు జారి, డ్రమ్ము బోర్లా పడి, రాళ్ళు వాకిలంతా దొర్లాయి. టమాట చెట్లు నడుములు విరిగి పడ్డాయి. ఆయన విసురుగా బయటికి పోయాడు.

నేను ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. ఒకసారి ఏరినవే గదా. కాసేపటికి ఎదురుగా ఇంకో జత చేతులు కనిపించాయి. ముడతలు పడి, నీలి నరాలు తేలిన చేతులు. అత్తమ్మ కింద చతికిలబడి, ఆయాసపడుతూ ఒక్కొక్క రాయి తీసి తట్టలో వేస్తోంది. తల ఎత్తకుండానే అంది. “నా మొగడు బతికున్నన్ని దినాలు ఒక్కనాడు గూడ నేను జరుగనని అనలే రాజమణీ. అంటే ఏమైతదో అని భయపడ్డ. అన్నా ఏం గాకపోతుండెనేమో.”

నన్ను పేరు పెట్టి పిలవడం ఆమెకు అదే మొదటిసారి. ఆమె దగ్గరున్న తట్ట అందుకున్నాను. పొద్దు గుంకక ముందే డ్రమ్ము మళ్ళీ నిలబడింది. విరిగిన టమాట కొమ్మల్ని తడి రాళ్ళల్లోనే గుచ్చాను. టమాట కొమ్మ తేలికగా వేరు పట్టే జాతి.

మా ఆయన కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఆ మౌనం చూసి గడగడలాడిపోయే రోజులు ఉండేవి నాకు. ఈసారి ఇల్లు ప్రశాంతంగా అనిపించింది. అన్నం పెడితే తిన్నాడు, డబ్బా ఇస్తే తీసుకుపోయాడు. ఒక సాయంత్రం హౌజు పక్క నుంచి పోతూ ఆగి, పిల్లల గుంపు వైపు కాసేపు చూసి, “నల్లగైతున్నయి” అన్నాడు. “పెద్దగైతున్నయి” అన్నాను. అంతే మాట. చార్జ్‌మాన్ పోస్టు ఆ దసరాకే వచ్చింది, కొర్రమీను తినకుండానే. పురుషోత్తం సారు ఆ తర్వాత పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చి, కొంగు దోపుకుని, “నాకు ఎట్ల వెట్టుకోవాల్నో చూపియ్యి అక్కా” అంది. డిపోవాళ్ళు ఎవరైనా వస్తే మా ఆయన ఇప్పుడు, “మా ఇంటామెను అడుగుండ్రి” అంటున్నాడు. అనడం ఇష్టమై అంటున్నాడని నేను చెప్పను. కానీ అంటున్నాడు.

పిల్లలు వేలెడంత అయ్యాక గల్లీలో అడిగిన ఆడవాళ్ళకు ఇచ్చాను. ఒకామె ఇంట్లో సిమెంటు తొట్టి, ఒకామె ఇంట్లో పాత కాగు. మహబూబ్ ఆపా ఇంటి వాకిట్లో మాదాని కన్నా పెద్ద హౌజే ఉంది, చెత్తతో నిండి. దాన్ని తీయించింది. గులకరాళ్ళు తెప్పించింది. “మొదటి బొక్కెన నువ్వే పొయ్యాలె రాజమణీ, నీ హాత్‌తోనే” అంది.

ఆ పని పెట్టుకున్న ఆదివారం మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. మంచం మీద పేపరు చదువుతున్నాడు. పెళ్ళైన నాటి నుంచి నేను గడప దాటాలంటే ఆయన మంచం దగ్గర నిలబడి, కొంగు వేలికి చుట్టుకుంటూ, “పోయి రావాల్నా?” అనేదాన్ని. గుడికైనా, చుట్టాల ఇంటికైనా, పక్కింటికైనా అంతే. ఆయన తల ఊపేదాకా నిలబడేదాన్ని. ఆ రోజు చేపపిల్లల బిందె చంకన ఎత్తుకుని, “మహబూబ్ ఆపా ఇంటికి పోతున్న. పొద్దుగూకేసరికి వస్త. అన్నం గంజుల ఉన్నది, కూర పొయ్యి మీదున్నది. అత్తమ్మకు, పిల్లలకు వెట్టి నువ్వు తిను” అన్నాను. పేపరు కిందికి దిగింది. నేను అప్పటికే గడప దాటాను.

వాళ్ళ వాకిట్లో గల్లీ ఆడవాళ్ళంతా చేరి ఉన్నారు. ఆపా నా చంకలోంచి బిందె దించుతూ నా వెనక్కి, మా గుమ్మం వైపు కాస్త భయంగా చూసింది. “ప్రకాశం భాయ్ ఇంట్లనే ఉన్నడు గదా. ఏమనలేదా? అడిగి వచ్చినవా?”

నేను చీర కుచ్చెళ్ళు ఎగదోపి, హౌజులోకి దిగి బొక్కెన అందుకున్నాను.

“అడగలే ఆపా” అన్నాను. “చెప్పి వచ్చిన.”